మూడు వారాలు ఆగమన్నాను

ఏడేళ్ళ నుంచి ఒక మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. మింగుదామంటే మింగుడుపడదు, బయటపెడదామంటే ధైర్యం చాలదు. దాన్ని పెట్టుకునే ఆఫీసుకి వెళ్తున్నాను, కూరగాయలు తెచ్చుకుంటున్నాను, దంతాల డాక్టరు దగ్గర నోరు తెరుస్తున్నాను. నవ్వుతున్నాను కూడా. అదే నాకు ఆశ్చర్యం.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. తెలిసినవాళ్ళకి చెప్పలేకే మీ దగ్గరికి వచ్చాను. ఒక్కటే కోరుకుంటున్నాను. చివరిదాకా విని "పోనీలెండి" అనకండి. ఆ మాట ఇప్పటికే చాలాసార్లు విన్నాను. అనవలసినవాళ్ళే అన్నారు. అసలు సంగతి తెలియక అన్నారు.

నాకు యాభై దాటాయి. అరిజోనాలో, చాండ్లర్‌లో ఉంటాను. చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో యంత్రాలు చూసుకునే ఉద్యోగం. అంతకుముందు చాలా ఏళ్ళు నెదర్లాండ్స్‌లో, ఐండ్‌హోవెన్ అనే ఊళ్ళో ఉన్నాను. యంత్రాలు తయారయ్యేది అటు, అవి పనిచేసేది ఇటు. వాటి వెనకే మేమూ వచ్చాం. మేమంటే నేనూ, వాసూ. వాసు నాకంటే ఆరేళ్ళు చిన్న. వాడిది కరీంనగర్, నాది కాకినాడ. ఐండ్‌హోవెన్‌లో ఒకే టీమ్‌లో చేరాం. ఒకే ఏడాది డచ్ భాష పరీక్ష రాశాం. డచ్ పౌరసత్వం వచ్చాక, మా ఇండియన్ పాస్‌పోర్టులు మూల కత్తిరించి తిరిగిస్తే, వాటిని చేతిలో పట్టుకుని ఒకే రైల్లో ఇంటికొచ్చాం. 

వాసు భార్య సుజన. కూతురు మైత్రి, అక్కడే పుట్టింది. డచ్‌లో అంకుల్‌ని ఓమ్ అంటారు. మాటలు వచ్చినప్పటి నుంచీ నేను దానికి ఓమ్‌ని. ఐదేళ్ళప్పుడు అమెరికా వచ్చి, కనపడ్డ పెద్దవాళ్ళందరినీ అంకుల్, ఆంటీ అనడం నేర్చుకుంది కానీ నన్ను మాత్రం మార్చలేదు.

నాకూ భార్య ఉండేది. నీలిమ. ఆమె అమెరికా రానంది. రానన్నది ఉద్యోగం కోసమా, నాతో పడకా అన్నది తేలేలోపే విడాకుల కాగితాలు వచ్చాయి. అది వేరే కథ. అందులో నేను దాచిందేమీ లేదు.

ఒంటరి మగవాడితో ఏం చేయాలో ఇక్కడి తెలుగువాళ్ళకి తెలియదు. మొదట్లో పుట్టినరోజులకి పిలిచేవారు. ఆడవాళ్ళు ఒక గదిలో, మగవాళ్ళు ఒక గదిలో, పిల్లలు మేడమీద. నన్ను ఎవరో ఒకరు "మీ మిసెస్ రాలేదా?" అని అడిగేవారు. విడాకులయ్యాయని చెప్పేవాడిని. ఇక ఆ సాయంత్రమంతా నా పక్క కుర్చీ ఖాళీగానే ఉండేది. తర్వాత్తర్వాత ఇన్విటేషన్లలో "ఫ్యామిలీస్" అని రాయడం మొదలుపెట్టారు. నన్ను తప్పించడానికని కాదు. కానీ తప్పిపోయాను.

వాసు వాళ్ళు మాత్రం నన్ను వదల్లేదు. శుక్రవారం సాయంత్రం భోజనం వాళ్ళింట్లోనే. పిలవడం, వెళ్ళడం అనేవి లేవు, అది అంతే. రాకపోతే సుజన ఫోన్ చేసి "అన్నయ్యా, పప్పు చల్లారిపోతుంది, ఎక్కడున్నారు?" అనేది. మైత్రి స్కూల్ కాగితంలో తల్లిదండ్రుల తర్వాత, ఎమర్జెన్సీకి పిలవాల్సిన మనిషి అన్నచోట నా పేరుండేది. ఆ కాగితం ఫొటో ఒకటి నా దగ్గర ఉంది. ఎందుకు తీసుకున్నానో ఎవరూ అడగలేదు.

ఇప్పుడు పాస్‌పోర్టుల గురించి చెప్పాలి. అవి చెప్పకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు.

కొందరు స్టాంపులు పోగేస్తారు. నాకు పాస్‌పోర్టుల పిచ్చి పట్టింది. ఐండ్‌హోవెన్ ఆఫీసులో అన్ని దేశాలవాళ్ళూ ఉండేవారు. ప్రయాణానికి ముందు బల్ల మీద అందరి పాస్‌పోర్టులూ ఉంటే ఒక్కొక్కటీ తెరిచి చూసేవాడిని. దూరం నుంచి చూస్తే అన్నీ ఆ మెరూన్ రంగు అట్టలే. లోపల ఒక్కోదానిది ఒక్కో పట్టింపు. జర్మన్ దాంట్లో కళ్ళ రంగు, ఎత్తు, ఉండే ఊరు రాస్తారు. స్విట్జర్లాండ్ ఎర్రట్టది, అందులో పుట్టిన ఊరు ఉండదు. తాతముత్తాతలది ఏ ఊరో అది ఉంటుంది, వీడు ఆ ఊరు జన్మలో చూడకపోయినా సరే. ఐర్లాండ్ వాళ్ళు దేశంలో పుట్టినవాడికి జిల్లా పేరు రాస్తారు, మనలాంటివాడికి దేశానికి మూడక్షరాలు పడేసి ఊరుకుంటారు. మా డచ్ దాంట్లో ఎత్తు ఉంటుంది. నేను ఒక సెంటీమీటర్ ఎక్కువే చెప్పాను. ఎవరూ కొలవలేదు.

కానీ అసలు తేడా పాస్‌పోర్టు రావడంలో కాదు, పోవడంలో ఉంది. బ్రిటన్, ఐర్లాండ్, పోర్చుగల్ వాళ్ళకి మీరు ఇంకో దేశం పౌరసత్వం తీసుకున్నా పట్టదు. స్పెయిన్ వాళ్ళు మూడేళ్ళలోపు "మాది వదులుకోవడం లేదు" అని రాసివ్వమంటారు. జర్మన్లు ఆ రోజుల్లో ముందుగా అనుమతి పత్రం తీసుకోమనేవారు. డచ్ వాళ్ళది కఠినం. మీ ఇష్టంతో వేరే పౌరసత్వం తీసుకున్న క్షణంలోనే మీ డచ్ పౌరసత్వం దానంతటదే పోతుంది. ఉత్తరం రాదు, ఎవరూ తలుపు కొట్టరు. మినహాయింపులు రెండు మూడున్నాయి. వాటిలో ఒకటి, మీ భర్తో భార్యో అప్పటికే ఆ దేశం పౌరులై ఉంటే మీది పోదు.

ఈ సంగతులన్నీ నాకు తెలుసని అందరికీ తెలుసు. చాండ్లర్‌లో యూరప్ నుంచి వచ్చిన మనవాళ్ళకి ఏ అనుమానం వచ్చినా గ్రూప్‌లో నా పేరే పెట్టేవారు. "అన్నని అడగండి." మనిషికి ఏదో ఒక విలువ ఉండాలి కదా. నా విలువ అది.

అమెరికా వచ్చాక ఇద్దరం గ్రీన్‌కార్డుకి పెట్టుకున్నాం. డచ్ పాస్‌పోర్టు ఉంది కదా, ఇండియా క్యూలో ఏళ్ళ తరబడి నిలబడే పని లేదని నేను ఎగిరాను. లాయరు "మీరు ఎక్కడ పుట్టారు?" అన్నాడు. కాకినాడ అన్నాను. "అయితే ఇండియా క్యూనే" అన్నాడు. పాస్‌పోర్టు ఏ దేశానిదైనా ఇక్కడ లెక్క పుట్టిన చోటిది. వాసుది కరీంనగర్, వాడూ నాతోపాటే ఆ క్యూలో ఉండాల్సింది. కానీ సుజన పుట్టింది మస్కట్‌లో. వాళ్ళ నాన్న అక్కడ ఆస్పత్రిలో పనిచేసేవాడు. భార్య పుట్టిన దేశం కిందికి భర్త కూడా వెళ్ళొచ్చు. ఆ దేశానికి క్యూ లేదు. రెండేళ్ళలో వాళ్ళకి కార్డులు వచ్చేశాయి. నేను ఇంకా ఉన్నాను, మూడేళ్ళకోసారి వీసా పొడిగించుకుంటూ. పెళ్ళిచూపుల్లో అమ్మాయి ఏ దేశంలో పుట్టిందని అడగాలని ఎవరికి తెలుస్తుంది?

అసూయ ఉందా అని మీరు అడగకముందే నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. ఉంది. కొంచెం. కానీ దానివల్ల చేయలేదు ఆ పని. అసూయవల్ల చేసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో. అసూయపడ్డవాడు కనీసం చేసినదానికి సంతోషిస్తాడు.

గ్రీన్‌కార్డు వచ్చిన ఐదేళ్ళకి వాసు వాళ్ళు పౌరసత్వానికి అప్లై చేశారు. ఆ వసంతంలోనే ఒక శుక్రవారం అన్నం తింటూ సుజన చెప్పింది, అమెరికన్ పాస్‌పోర్టు చేతికొచ్చాక ఏడాదో రెండేళ్ళో చూసి తిరిగి ఐండ్‌హోవెన్ వెళ్ళిపోతామని. ఈ ఎండలు తన వల్ల కావట్లేదు. మైత్రి హైస్కూలు అక్కడే అయితే, కాలేజీ కూడా అక్కడే, డచ్ పిల్లగా చదువుకుంటుంది. సుజన తన సైకిల్‌ని అక్కడ పక్కింటావిడ దగ్గర పెట్టి వచ్చింది, ఇన్నేళ్ళూ ఆవిడ దాన్ని గరాజ్‌లో ఉంచింది. ఆ సైకిల్ గురించి చెప్పేటప్పుడు సుజన ముఖం చూడాలి మీరు.

"మంచి ఆలోచన" అన్నాను. పెరుగు వేసుకున్నాను. 

ఇంటికొచ్చి కారులోనే కూర్చుండిపోయాను. వీళ్ళు వెళ్ళిపోతే నాకు శుక్రవారం ఏమిటి? అక్కడితో మొదలై, శనివారం ఏమిటి, జ్వరం వస్తే ఎవరికి చెప్పాలి అన్నదాకా వెళ్ళింది. నేనూ తిరిగి వెళ్ళొచ్చు కదా అంటారేమో. వెళ్ళొచ్చు. కానీ ఆ ఊళ్ళో నీలిమ ఉంది. ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుని ఒక పాపని కూడా కన్నది. మార్కెట్లో ఎదురుపడితే పక్కకి తప్పుకునే బతుకు నాకు వద్దనుకున్నాను. పోనీ ఆ భయం నాది. దానికి వాళ్ళెందుకు బలి కావాలి? ఈ ప్రశ్న అప్పుడు వేసుకోలేదు. ఇప్పుడు రోజూ వేసుకుంటున్నాను.

తర్వాతి వారం వాసు అడిగాడు, రెండు పాస్‌పోర్టులూ ఉంచుకోవచ్చా అని. వెబ్‌సైట్ చదివితే తల తిరిగిందట. కనుక్కుంటానని చెప్పి, డచ్ కాన్సులేట్‌కి నేనే మెయిల్ పెట్టాను. నాలుగు రోజుల్లో జవాబొచ్చింది. చిన్నపిల్లాడికి చెప్పినట్టు విడమరిచి రాశారు. భార్యాభర్తలు ఇద్దరూ ఒకేసారి అమెరికన్ పౌరులుగా ప్రమాణం చేస్తే ఇద్దరి డచ్ పౌరసత్వమూ పోతుంది, వాళ్ళతోపాటు మైనర్ బిడ్డదీ పోతుంది. ఒకరు ముందు, ఒకరు వెనక అయితే ముందు వెళ్ళినవాళ్ళది పోతుంది, రెండోవాళ్ళు అప్పటికే అమెరికన్‌కి భార్యో భర్తో కాబట్టి వాళ్ళది ఉంటుంది. తల్లిదండ్రుల్లో ఒకరు డచ్‌గా ఉన్నంతకాలం బిడ్డదీ ఉంటుంది.

వరస ముఖ్యం. అంతే. అది చదివి వాసుకి మెసేజ్ టైప్ చేశాను, "ముందు సుజన, తర్వాత నువ్వు" అని. పంపలేదు. శుక్రవారం చెబుదామనుకున్నాను. అలా అనుకున్నాననే నమ్ముతున్నాను. ఆ గురువారం వరకూ నేను మంచివాడినే.

శుక్రవారం వాళ్ళ పెరట్లో వాసు గ్రిల్ మీద మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్నాడు. ఇంకా ఎండ ఉంది. నేను నిమ్మకాయ ముక్కకి ఉప్పూ కారం అద్ది ఇస్తున్నాను. సుజన లోపల ఫోన్లో ఉంది. వాసు పటకారు పక్కన పెట్టి జేబులోంచి ప్రమాణానికి రమ్మన్న రెండు కాగితాలు తీశాడు.

"ఓత్ డేట్లు వచ్చినయ్ అన్నా. సుజనకి ముందు, నాకు మూడు వారాల తర్వాత. వేరే వేరే ఎందుకు పడ్డయో."

నేను కాగితాలు చూశాను. అడగకుండానే, వాళ్ళకి తెలియకుండానే, అదృష్టం ఆ వరస దానంతటదే పెట్టింది. నేను ఏమీ చెప్పక్కర్లేదు. నోరు మూసుకుని పొత్తు తింటే చాలు.

"సుజన అంటున్నది, పోస్ట్‌పోన్ చేస్కొని ఇద్దరం ఒక్కనాడే తీస్కుందామా అని. నువ్వు చెప్పు. డచ్‌ది ఏం కాదు కద? మెయిల్ పెట్టిన అన్నవ్."

"పెట్టాను. రిప్లై వచ్చింది" అన్నాను.

"ఏమన్నరు?"

"ప్రాబ్లం లేదన్నారు రా."

వాసు పొత్తు తిప్పాడు. "అయితే ఒక్కనాడే తీస్కోమంటవా?"

"ఒకేరోజు తీసుకోండి. ఆమెని మూడు వారాలు ఆగమను, ఏం పోతుంది? కలిసి వచ్చారు, కలిసే తీసుకోండి. ఫొటోలు నేను తీస్తాను."

"నువ్వున్నవ్ కాబట్టి సరిపోయింది అన్నా" అన్నాడు.

అంతే జరిగింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నా గొంతు మామూలుగానే ఉంది. ఆ తర్వాత రెండు పొత్తులు తిన్నాను. ఇన్నేళ్ళలో నేను ఎక్కువగా తిరిగి చూసుకున్నది అబద్ధాన్ని కాదు, ఆ రెండో పొత్తుని. అది ఎలా తినగలిగాను?

సుజన తేదీ మార్పించుకుంది. ఇద్దరిదీ ఒకేరోజు పడింది. నాకు ఇంకా సమయం ఉంది. ప్రతి రోజూ సమయం ఉంది. ఆఫీసులో వాసు నా ఎదురుగా కూర్చునేవాడు, "ఒరేయ్, నేను తప్పు చదివాను" అంటే సరిపోయేది. దానికి నా పరువు కూడా అడ్డం కాదు. చెప్పలేదు. చెబితే వెళ్ళిపోతారు.

ప్రమాణం రోజు నేను సెలవు పెట్టి వెళ్ళాను. కేక్ నేనే తెచ్చాను. పెద్ద హాలు, వెనక వరసల్లో చుట్టాలు. నా పక్కన మైత్రి, పన్నెండేళ్ళది, చేతిలో చిన్న జెండా. ముందు వరసల్లోవాళ్ళందరూ లేచి కుడిచేయి ఎత్తారు. వాసు భుజం, సుజన జడ నాకు కనిపిస్తున్నాయి. జడలో మల్లెలు పెట్టుకుంది, ఎక్కడ సంపాదించిందో. అప్పుడు అరవొచ్చు. ఆపండి అని లేవొచ్చు. ఫోన్ ఎత్తి వీడియో తీశాను.

మైత్రి నా చొక్కా లాగింది. "ఓమ్, నేను స్టిల్ డచ్చేనా?"

"ఆఁ. నువ్వెప్పుడూ డచ్చే" అన్నాను.

అప్పటికి అర నిమిషం అయిందేమో అది పోయి. ఆ హాల్లో అది నా ఒక్కడికే తెలుసు.

ఇక తర్వాత సంగతి మీరు ఊహించగలరు. వాళ్ళు అనుకున్నట్టు ఏడాదిలో వెళ్ళలేదు. వాసుకి ప్రమోషన్ వచ్చింది, తర్వాత లోకమంతా ఇళ్ళలో కూర్చుంది, మైత్రి స్నేహితురాళ్ళని వదలనంది. కాలేజీకి వెళ్ళేటప్పుడు అందరం వెళ్దాంలే అనుకున్నారు. శుక్రవారాలు సాగాయి. నేను సంతోషంగా ఉన్నానా? ఉన్నాను. అదే చెప్పడానికి సిగ్గుగా ఉంది. అప్పుడప్పుడూ వారాల తరబడి మరిచిపోయేవాడిని. ఒక్కోసారి ఎవరూ ఎప్పటికీ కనిపెట్టరేమో అనిపించేది.

హైస్కూల్ ఆఖరి సంవత్సరంలో మైత్రి నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో చదువుతానంది. నీటి ఇంజినీరింగ్. ఎడారిలో పెరిగిన పిల్ల, సముద్రాన్ని గోడకట్టి ఆపినవాళ్ళ దగ్గర నేర్చుకోవాలనుకుంది. తీరా చూస్తే దాని డచ్ పాస్‌పోర్టు గడువు ముగిసి ఏడాదైంది. రెన్యూ చేయించడానికి ముగ్గురూ విమానమెక్కి కాన్సులేట్ ఉన్న ఊరికి వెళ్ళారు. వాళ్ళ మొక్కలకి నీళ్ళు పోసే పని నాది.

నీళ్ళు పోస్తుంటే ఫోన్ మోగింది.

"పోయిందట అన్నా" అన్నాడు వాసు. "ముగ్గురిదీ. ఆ దినమే పోయిందట. సర్టిఫికెట్లు రెండూ చూపించిన, సేమ్ డేట్ ఉన్నది చూసి కౌంటర్ల ఉన్న ఆమె మొఖం మారిపోయింది. సుజన ఒక్క దినం ముందు తీస్కున్నా సరిపోతుండెనట."

నేను పైపు మూయలేదు. నీళ్ళు కుండీలోంచి పొర్లి చెప్పుల మీదికి వస్తున్నాయి.

"ఆ మెయిల్ ఉన్నది కద నీ దగ్గర? పంపు. వాళ్ళే తప్పు చెప్పిన్రని చూపెట్టి అప్పీల్ చేద్దాం."

"అది పాత అకౌంట్ రా" అన్నాను. "మూసేశాను."

 వెనకాల సుజన ముక్కు చీదడం వినపడింది.

"పోనీ తియ్ అన్నా. నువ్వు మాకోసమే కద అడిగినవ్. నీకేం తెలుసు వాళ్ళు గట్ల చెప్తరని."

నేను చేసిన మోసాన్ని వాడు తీసుకెళ్ళి పేరు తెలియని ఒక గుమాస్తా నెత్తిన పెట్టాడు. నేను పెట్టనిచ్చాను. మెయిల్ అకౌంట్ ఏమీ మూయలేదు. ఆ జవాబు ఇప్పటికీ ఉంది, దాన్ని చెరపడానికి కూడా నాకు చేతకాలేదు.

వాళ్ళు తిరిగొచ్చిన శుక్రవారం నేను రానన్నాను. మైత్రే కారేసుకుని వచ్చింది, అప్పుడే లైసెన్స్ వచ్చింది దానికి. లోపలికొచ్చి నన్ను పట్టుకుని "ఇట్స్ ఓకే ఓమ్, నీకు తెలీదు కదా" అంది. ఏడుస్తున్నది నేను. ఓదారుస్తున్నది అది. పోగొట్టుకున్నది అది. ఆ రోజు చెప్పి ఉండాలి. ఆ పిల్ల చేతులు నా మెడ చుట్టూ ఉండగా చెప్పడం కుదరలేదు అనుకుంటాను. చేతులు తీశాక కూడా చెప్పలేదు మరి.

డచ్ పిల్లగా అయితే ఫీజు భరించగలిగేవాళ్ళు. బయటి దేశం పిల్లగా అయితే కాదు. డెల్ఫ్ట్ ఆగిపోయింది. సుజన పక్కింటావిడకి ఉత్తరం రాసింది, సైకిల్ ఎవరికైనా ఇచ్చేయమని. ఆ సంగతి నాకు వాసు చెప్పాడు, సుజన చెప్పలేదు. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అన్నయ్యా అని పిలవడం మానలేదు. పప్పు వడ్డించడం మానలేదు.

ఆ వేసవిలోనే వాసు వేరే ఉద్యోగం చూసుకున్నాడు. బాతెల్‌లో, సియాటిల్ పక్కన. "ఇగ అక్కడికి పోయేది లేదు కద అన్నా, కనీసం చల్లగున్న చోట ఉందం" అన్నాడు. నెలన్నరలో ఇల్లు అమ్మేశారు. మైత్రి కాలేజీ కూడా అక్కడే. ఎవరు వెళ్ళిపోకూడదని నేను ఆ పని చేశానో వాళ్ళు ఆ పని వల్లే వెళ్ళిపోయారు. దీన్ని తలుచుకుని నవ్వుకోవాలని చూశాను. కుదరలేదు.

వాళ్ళు వెళ్ళి రెండేళ్ళు కావస్తోంది. నా డచ్ పాస్‌పోర్టు మొన్ననే పదేళ్ళకి రెన్యూ అయి వచ్చింది. నాకు గ్రీన్‌కార్డు రాలేదు కాబట్టి అమెరికన్ అయ్యే యోగం లేదు, కాబట్టి అది పోయే ప్రమాదమూ లేదు. వాళ్ళకి నేను పోగొట్టినది నా సొరుగులో భద్రంగా ఉంది. రేపు పొద్దున విమానమెక్కొచ్చు. ఎక్కను. శుక్రవారం నాడు ఫ్రోజెన్ పరోటా కాల్చుకుంటాను. వాసు వీడియో కాల్ చేస్తాడు. "నువ్వు గూడ ఇటే వచ్చెయ్ అన్నా, అక్కడ ఒక్కనికి ఏముందని" అంటాడు. వాళ్ళు ప్రేమించే మనిషి ఒకడున్నాడు, మంచివాడు, వాళ్ళకోసం మెయిల్ పెట్టినవాడు. వాడి పేరు మీద నేను ఆ ప్రేమ తింటున్నాను. చాండ్లర్‌లో ఒంటరిగా ఉండటం పెద్ద విషయం కాదు, అలవాటైపోయింది. ఆ ఫోన్ కాల్‌లో ఉన్నంత ఒంటరిగా నేను ఎక్కడా ఉండను.

మరి ఏడేళ్ళు ఆగినవాడిని ఇవాళే ఎందుకు రాస్తున్నాను?

గత ఆదివారం మైత్రి ఒక డాక్యుమెంట్ షేర్ చేసింది. ఒక ఏడాది డెల్ఫ్ట్‌లో చదవడానికి స్కాలర్‌షిప్ ఉందట, దానికి వ్యాసం రాసింది. "ఫ్యాక్ట్స్ చెక్ చెయ్యి ఓమ్, నీకన్నా ఎవరికి తెలుసు" అని మెసేజ్. ఇంగ్లీషులో బాగా రాసింది. నీళ్ళ గురించి, ఎడారి గురించి. తన పౌరసత్వం పోయిన రోజు గురించి. మూడో పేరాలో ఇలా ఉంది: "మాకు సలహా ఇచ్చిన అంకుల్‌కి ఈ నియమం తెలియదు. ఆయన ఇప్పటికీ తనని తాను క్షమించుకోలేదు. ప్రేమించేవాళ్ళు కూడా తెలియక హాని చేయగలరని నేను ఆయన వల్ల నేర్చుకున్నాను."

వారం రోజులుగా ఆ పేజీ తెరుస్తున్నాను, మూస్తున్నాను. రెండో పేరాలో ఒక సంవత్సరం తప్పుంటే సరిచేశాను. కామాలు రెండు పెట్టాను. మూడో పేరా దగ్గరికి వచ్చేసరికి లేచి కాఫీ పెట్టుకోవడానికి వెళ్తున్నాను. చూడండి, అది నన్ను అడిగింది వాస్తవాలు సరిచూడమని. ఆ పిల్ల నా అబద్ధాన్ని తీసుకుని, దాన్నుంచి ఒక పాఠం నేర్చుకుని, దానికింద సంతకం పెట్టి ఎవరో అపరిచితులకి పంపబోతోంది. ఒక తప్పుడు సంగతి మీద తన మంచితనాన్ని కట్టుకుంటోంది. అప్పుడు దాని పాస్‌పోర్టు లాక్కున్నాను. ఇప్పుడు దీన్ని కూడా లాక్కోనా?

ఇక్కడిదాకా మీకు రాసి లేచాను. ఆదివారం పొద్దున పది కూడా కాలేదు, అప్పుడే బయట ఎండ మండిపోతోంది. ఒక గ్లాసు మంచినీళ్ళు తాగాను. మీకు ఒకసారి చెప్పాను కదా, ఇంకోసారి చెప్పడానికి మాటలు తెలిశాయి. మొదటిసారి మీకు చెప్పకపోతే దానికి చెప్పగలిగేవాడిని కాదు. అందుకు మీకు రుణపడి ఉన్నాను.

ఆ పేజీ తెరిచాను. మూడో పేరాలో ఆ మూడు వాక్యాలనీ ఎంచుకుని, పక్కన కామెంట్ పెట్టాను. ఇంగ్లీషులో, చిన్నగా. "మైత్రీ, ఇది నిజం కాదు. నాకు నియమం తెలుసు. మీరు వెళ్ళిపోతారని భయపడి, తెలిసే మీ నాన్నకి అబద్ధం చెప్పాను. అమ్మానాన్నలకి నేనే చెబుతాను, ఇవాళే. క్షమించమని అడగను." అచ్చుతప్పులు కూడా చూసుకోలేదు. పోస్ట్ నొక్కాను.

ఐదారు నిమిషాలకి పేజీ పైన దాని పేరు వచ్చింది. చదువుతోంది. ఏమీ రాయడం లేదు. ఫోన్ మోగలేదు. నేను కుర్చీలోనే కూర్చున్నాను. ఇక శుక్రవారం ఫోన్ రాకపోవచ్చు. ఎప్పటికీ రాకపోవచ్చు. రాకూడదు కూడానేమో. అయినా ఊపిరి ఆడుతోంది. ఏడేళ్ళ తర్వాత, ఆ ఇంట్లో ఒకరికి నేనెవరో తెలుసు.